ముఖంలో కనిపించకూడనిది

పోయిన వేసవిలో మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అన్నయ్యా, నా రెజ్యూమె కొంచెం చూసి పెట్టవా? ఇంగ్లీషు నీట్‌గా ఉండాలి" అంది. మా చుట్టాల్లో ఎవరు ఉద్యోగం మారాలన్నా ఆ రెజ్యూమె చివరికి నా మెయిల్‌కే వస్తుంది. సాఫ్ట్‌వేర్ వాడికి ఇంగ్లీషు, ప్రింటర్ రిపేరు, వీసా ఫారాలు అన్నీ వచ్చి ఉంటాయని ఒక నమ్మకం. సరే పంపమన్నాను.

తను ఫార్మ్.డి చేసింది. మన దేశంలో ఆ ఆరేళ్ళ కోర్సు 2008లో మొదలైంది. ఇప్పటికీ చాలామందికి అదేంటో తెలీదు. "ఆరేళ్ళు చదివి మందుల షాపు పెడతావా?" అని మా మావయ్యే పెళ్ళిలో అందరి ముందూ అడిగాడు. తను ఎనిమిదేళ్ళుగా హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్ట్‌గా చేస్తోంది. ఇప్పుడు సొంత జిల్లాలో రెండు వందల పడకల ఆసుపత్రిలో ఫార్మసీ విభాగానికి హెడ్‌గా రమ్మని పిలుపొచ్చింది. రెజ్యూమెతో పాటు వాళ్ళ ప్రకటన కూడా పంపింది. ఎం.ఫార్మ్ లేదా ఫార్మ్.డి. రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. ఆసుపత్రి ఫార్మసీలో ఏడేళ్ళ అనుభవం. స్టాకు, కొనుగోళ్ళ నిర్వహణ. ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల మీద అవగాహన. చివర్లో, అన్ని ఉద్యోగ ప్రకటనల్లోనూ ఉండే వాక్యం: ఒత్తిడిలో పని చేయగల సామర్థ్యం.

"అన్నీ ఉన్నాయి కదా, ఇంకేంటి ఆలోచన?" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రాత్రి పూట అక్కడ ఫార్మసిస్ట్ ఉండడన్నయ్యా" అంది.

రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా కౌంటర్లో ఒకతను ఉంటాడట. ఇంటర్ బైపీసీ చదివాడు. పన్నెండేళ్ళ నుంచి అక్కడే పని చేస్తున్నాడు. డబ్బా రంగు చూసి మందు పేరు, కంపెనీ, రేటు చెప్పేయగలడు. క్యాజువాలిటీ నుంచి చీటీ వస్తే మందులిచ్చేది అతనే. పొద్దున హెడ్ వచ్చి రిజిస్టరులో సంతకం పెడతాడు. అంటే, రాత్రి ఇచ్చిన మందులన్నీ తన పర్యవేక్షణలోనే ఇచ్చారని. ఇంటర్వ్యూలో తను ఈ సంగతి అడిగితే, "ఇంతకుముందు సార్ కూడా అలాగే చేసేవారమ్మా, ఎప్పుడూ ఏ సమస్యా రాలేదు" అన్నారట.

"నాకు అర్హత ఉందా లేదా అన్నది వాళ్ళు చూసుకుంటారు. ఆ సంతకం పెట్టడానికి నాకు అర్హత ఉందా అన్నది ఎవరు చూడాలి?" అంది మా చెల్లి.

రెజ్యూమెలో కామాలు దిద్దుతూ కూర్చున్న నాకు ఆ ప్రశ్న చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

*

ముందు ఆ పనేంటో నాకు తెలియాలి. ఒక శనివారం తను పని చేసే చోటికి వెళ్ళాను. అప్పటిదాకా నా దృష్టిలో ఆసుపత్రి ఫార్మసీ అంటే లిఫ్ట్ పక్కన ఉండే కిటికీ, దాని ముందు క్యూ, "చిల్లర లేదా సార్" అనే గొంతు. ఆ కిటికీ వెనకాల ఇంత ఉంటుందని తెలీదు.

ఇన్సులిన్, వ్యాక్సీన్లు ఉండే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యలోనే ఉండాలి. అది రోజూ రాసి పెట్టాలి. కరెంటు పోయి జనరేటర్ ఆలస్యమైతే లోపలి సరుకంతా పారెయ్యాలో లేదో ఎవరో ఒకరు తేల్చాలి. పారేస్తే లక్షల నష్టం. పారెయ్యకపోతే పని చెయ్యని ఇన్సులిన్ ఎవరి ఒంట్లోకో వెళ్తుంది. మార్ఫిన్ లాంటివి రెండు తాళాల అల్మారాలో ఉంటాయి, ఒక్కో యాంప్యూల్‌కీ లెక్క ఉండాలి. పొటాషియం క్లోరైడ్ గాఢ ద్రావణం చూడ్డానికి మామూలు సెలైన్ యాంప్యూల్ లాగే ఉంటుంది. పలుచన చెయ్యకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అందుకని దాన్ని వార్డుల్లో మామూలు సరుకుతో కలిపి ఉంచకూడదంటారు. పేర్లు ఒకేలా ఉన్న మందులు పక్కపక్కన పెట్టకూడదు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒకసారి వేసుకోవాలి. చీటీ మీద పొరపాటున రోజూ అని పడితే, కొన్నాళ్ళకి ఎముకల్లో రక్తం తయారవడమే ఆగిపోవచ్చు. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు నరంలోకి ఎక్కిస్తే వైద్యం. అదే పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ఎప్పుడూ మరణమే. దాన్ని సిరంజీలో కాకుండా చిన్న సెలైన్ సంచీలో కలిపి ఇవ్వండి, అప్పుడు పొరపాటున కూడా ఎవరూ వెన్నులోకి ఎక్కించలేరు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఆ సలహా నాకు బాగా నచ్చింది. జాగ్రత్తగా ఉండండి అని ఊరుకోలేదు. తప్పు చెయ్యడానికి చెయ్యి పట్టకుండా వస్తువు ఆకారాన్నే మార్చమంది.

నేనక్కడ ఉండగానే ఒక చీటీ వచ్చింది. పదకొండు కిలోల పిల్లాడు. మందు మోతాదులో దశాంశ బిందువు ఒక అంకె పక్కకి జరిగింది. అంటే పది రెట్లు. మా చెల్లి దాన్ని చూసింది, మొహంలో ఏ మార్పూ లేదు. కిటికీ అవతల నిలబడ్డ తండ్రితో "ఐదు నిమిషాలు కూర్చోండి నాన్నా, లోపల్నుంచి తెప్పిస్తున్నాం" అని, లోపలికొచ్చి డాక్టర్‌కి ఫోన్ చేసింది.

"సార్, ఒక చిన్న డౌట్ సార్."

పది రెట్ల మోతాదు! దానికి పేరు చిన్న డౌట్. అటువైపు డాక్టర్ విసుక్కున్నట్టున్నాడు, తర్వాత సరిచేశాడు. తను థాంక్యూ సార్ అని ఫోన్ పెట్టేసి, ఒక పుస్తకంలో రెండు లైన్లు రాసుకుంది. తండ్రి మందు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఐదు నిమిషాల్లో ఏం జరిగిందో అతనికి ఎప్పటికీ తెలీదు.

నీకు భయమెయ్యలేదా, మొహంలో ఏమీ కనిపించలేదే అని అడిగాను. నవ్వి, "మాకు రూలే ఉందన్నయ్యా" అంది. నిజంగానే ఉంది. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూపొందించిన నైతిక నియమావళి చీటీ అందుకున్నప్పుడు ఎలా ఉండాలో చెబుతుంది. అందులో రాసిన వైద్యం మంచిదో కాదో రోగి ముందు చర్చించకూడదు. ఆందోళన గానీ ఆశ్చర్యం గానీ ముఖకవళికల్లో కూడా కనిపించకూడదు. రోగికి కంగారు పుడుతుందని, డాక్టర్ మీద నమ్మకం సడలుతుందని. అందులో తప్పు ఉందనిపిస్తే, రాసినవారికే తిరిగి చెప్పాలి.

మొదట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. భయపడే హక్కు కూడా లేదా? డాక్టర్ పరువు కాపాడ్డానికి ఒక మనిషి మొహం మీద కూడా రూలా? తర్వాత ఆలోచిస్తే దాని రెండో సగం కనిపించింది. మొహంలో చూపించొద్దంటోంది గానీ, మందు ఇచ్చెయ్యమనడం లేదు. భయాన్ని కిటికీ వైపు కాకుండా ఫోన్ వైపు తిప్పమంటోంది. అయితే ఆ భయం ఫోన్ దాకా వెళ్ళాలంటే రెండు కావాలి. భయపడటానికి తగినంత చదువు, ఫోన్ చెయ్యడానికి తగినంత స్థానం. ఈ రెండిట్లో ఏది లేకపోయినా, రూలు పాటించినట్టే ఉంటుంది, మొహమూ ప్రశాంతంగానే ఉంటుంది, పది రెట్ల మందు మాత్రం కిటికీ దాటిపోతుంది.

*

ఇప్పుడు ఆ జిల్లా ఆసుపత్రిలోని రాత్రి మనిషి దగ్గరికొద్దాం. అతని పక్షాన వాదించడం సులువు, కొంత న్యాయం కూడా. పన్నెండేళ్ళ అనుభవం. నిద్ర కాచాడు. తక్కువ జీతానికి చేశాడు. కౌంటర్ తెరిచి ఉండబట్టే రాత్రి వచ్చినవాళ్ళకి మందులు దొరికాయి. మరోవైపు, చదువున్న వాళ్ళందరూ గొప్పగా ఏమీ లేరు. డి.ఫార్మ్ పాసై, రిజిస్ట్రేషన్ చేయించుకుని, సర్టిఫికెట్‌ని నెలకింత అని మందుల షాపుకి అద్దెకిచ్చి, తాము వేరే ఉద్యోగం చేసుకునేవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలిసినవాళ్ళే. షాపులో ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ వేలాడుతూ ఉంటుంది, దాని కింద పదో తరగతి ఫెయిలైన కుర్రాడు మందులిస్తుంటాడు. అద్దెకిచ్చినవాడికి చదువుంది, పని లేదు. కుర్రాడికి పనుంది, చదువు లేదు. ఇద్దరినీ కలిపితే కాగితం మీద ఒక ఫార్మసిస్ట్ తయారవుతాడు.

1948 నాటి ఫార్మసీ చట్టంలో 42వ సెక్షన్, డాక్టర్ చీటీ మీద మందు కలిపి ఇచ్చే పని రిజిస్టరైన ఫార్మసిస్టే చెయ్యాలంటుంది. చట్టం కాగితాన్ని అడిగింది కాబట్టి మనం కాగితం చూపించడం నేర్చుకున్నాం.

మరి అర్హత అంటే ఏమిటి? అనుభవమా, కాగితమా? ఈ ప్రశ్నను ఇలా అడిగినంతసేపూ తేలదు. రెంటికీ పది ఉదాహరణలు దొరుకుతాయి. నాకు తోచింది వేరు. రాత్రి మనిషికి లేనిది మందుల జ్ఞానం ఒక్కటే కాదు. అతను "ఇవ్వను" అనలేడు. అర్ధరాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్ రాసిన చీటీ మీద ఇంటర్ చదివినతను సందేహం వ్యక్తం చేస్తే, "ఎవడ్రా నువ్వు?" అంటారు. ఆ ప్రశ్నకి జవాబే రిజిస్ట్రేషన్. ఫలానా నంబరుతో రిజిస్టరైన ఫార్మసిస్ట్‌ని, ఇది ఇవ్వకుండా ఆపే బాధ్యత చట్టం నాకిచ్చింది అని చెప్పగలగడం. సర్టిఫికెట్ ఇవ్వడానికి అనుమతి అనుకుంటాం. అంతకంటే ఎక్కువగా అది ఆపడానికి అనుమతి.

మనకి "అధికారి" అనే మాట ఉంది. ఇవాళ ఆ మాట వింటే జీపు, బిళ్ళబంట్రోతు గుర్తొస్తారు. వేదాంత గ్రంథాల మొదట్లో మాత్రం ఈ శాస్త్రం చదవడానికి తగినవాడెవరు అని అడిగి, ఆ తగినవాణ్ణి అధికారి అంటారు. అక్కడ అధికారం అంటే యోగ్యత. మనం యోగ్యతను తీసేసి అజమాయిషీని మాత్రం ఉంచుకున్నాం. ఫార్మసీ హెడ్ కుర్చీలో ఈ రెండర్థాలూ మళ్ళీ కలవాలి. తెలిసి ఉండాలి, తెలిసినదాన్ని బట్టి ఆపగలగాలి.

ఆపడం అనే పని ఈ వృత్తి పుట్టుకలోనే ఉంది. 13వ శతాబ్దంలో సిసిలీ రాజ్యాన్ని ఏలిన చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ చేసిన చట్టాలు వైద్యుణ్ణీ మందులమ్మేవాణ్ణీ వేరు చేశాయి, ఇద్దరూ వ్యాపారంలో కలవకూడదన్నాయి. రాసే చెయ్యి, ఇచ్చే చెయ్యి ఒకటే అయితే మధ్యలో ఆగి చూసేవాడు ఉండడు. లాభం కూడా ఒకే జేబులోకి వెళ్తే, ఆగి చూడాలని ఎవరికీ అనిపించదు. ఇది పాత కథ కాదు. 2018లో మన మందుల ధరల నియంత్రణ సంస్థ ఢిల్లీ ప్రాంతంలో నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు చూస్తే, కొన్ని వస్తువుల మీద లాభం 1,700 శాతం దాటిందని తేలింది. ఆసుపత్రికి ఫార్మసీ రక్షణ గోడ కూడా, గల్లాపెట్టె కూడా. హెడ్ కుర్చీలో కూర్చున్న మనిషి రెండింటికీ జవాబుదారీ. నెలాఖరు మీటింగులో మాత్రం రెండోదాని గురించే అడుగుతారు.

*

ఇక్కడ ఒక కేసు చెప్పాలి. మా చెల్లి ఆ రోజు క్యాంటీన్లో చెప్పింది, తర్వాత నేనూ చదివాను.

2006లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఒక పిల్లల ఆసుపత్రి. రెండేళ్ళ పాప. క్యాన్సర్‌కి చికిత్స దాదాపు పూర్తయింది, చివరి విడత కీమో నడుస్తోంది. ఆ మందును 0.9 శాతం ఉప్పు ద్రావణంలో కలపాలి. ఫార్మసీ టెక్నీషియన్ 23.4 శాతం ద్రావణంతో కలిపింది. ఇరవై ఆరు రెట్ల ఉప్పు. పర్యవేక్షిస్తున్న ఫార్మసిస్ట్ అది చూసి, సరే అని పంపాడు. పాప చనిపోయింది. ఆ రోజు పొద్దున ఫార్మసీ కంప్యూటర్ వ్యవస్థ పని చెయ్యలేదు, పని పేరుకుపోయింది, సిబ్బంది తక్కువ, విరామం లేదు, వార్డు నుంచి మందు త్వరగా పంపమని ఒత్తిడి. ఆ రాష్ట్రంలో అప్పటికి టెక్నీషియన్లకి ప్రత్యేక శిక్షణ తప్పనిసరి కాదు. ఫార్మసిస్ట్ లైసెన్సు పోయింది. 2009లో కోర్టు అతనికి ఆరు నెలల జైలు, తర్వాత ఆరు నెలల గృహ నిర్బంధం విధించింది. టెక్నీషియన్ మీద కేసు లేదు. పని అలా పేరుకుపోయేలా విభాగాన్ని నడిపినవాళ్ళ మీదా కేసు లేదు. అదే ఏడాది ఒహాయోలో ఆ పాప పేరుతో, టెక్నీషియన్లకి అర్హతలు నిర్ణయిస్తూ చట్టం వచ్చింది. తర్వాత్తర్వాత పాప తండ్రి ఆ ఫార్మసిస్ట్‌ని క్షమించి, అతనితో కలిసి వేదికలెక్కి మందుల భద్రత గురించి మాట్లాడాడు.

నేను వెంటనే మా వృత్తి భాషలో తీర్పు చెప్పేశాను. "అది మనిషి తప్పు కాదు, సిస్టమ్ తప్పు. మా దగ్గర ఇలాంటివి జరిగితే ఎవర్నీ నిందించకుండా పోస్ట్‌మార్టం చేస్తాం. ఎవరు అని కాదు, ఎందుకు అని అడుగుతాం." నా సొంత కథ కూడా చెప్పాను. ఒకసారి శుక్రవారం సాయంత్రం తోటి ఉద్యోగి పంపిన నాలుగు వందల లైన్ల కోడు చదవకుండానే బాగుంది అని అప్రూవ్ చేశాను. సోమవారానికి కొన్ని వందల మంది కస్టమర్లకి డబ్బు రెండుసార్లు కట్ అయింది. సాయంత్రానికి పాత కోడు పెట్టేశాం, వారంలో డబ్బు వెనక్కిచ్చేశాం. మీటింగులో నా పేరు కూడా ఎవరూ ఎత్తలేదు. మా కల్చర్ అంత పరిణతి చెందిందని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

మా చెల్లి అంతా విని, "మీకు రోల్‌బ్యాక్ ఉందన్నయ్యా" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరినీ నిందించని మా ఔదార్యంలో సగం, వెనక్కి తీసుకోగల తప్పులు చేసేవాళ్ళ ఔదార్యం. డబ్బు తిరిగిస్తే సరిపోయే చోట క్షమ చవక.

అలాగని జైలే సరైన జవాబని కాదు. అతన్ని జైల్లో పెట్టడం వల్ల మర్నాడు ఏ ఫార్మసీలోనూ ఎవరూ ఇంకొంచెం జాగ్రత్తగా చూసి ఉండరు. ఇంకొంచెం దాచి ఉంటారు. చిన్న తప్పులు బయటికి చెప్పుకోకపోతే పెద్ద తప్పు ఎక్కడ పొంచి ఉందో తెలీదు. కానీ సిస్టమ్ తప్పు అన్న మాట కూడా అంత అమాయకమైనది కాదు. సిస్టమ్‌కి సంతకం ఉండదు, నిద్ర పట్టని రాత్రి ఉండదు. అందరి తప్పూ అన్నప్పుడు చాలాసార్లు ఎవరి తప్పూ కాదని అర్థం. మరి సిస్టమ్‌ని ఎవరు అల్లారు? రోజుకి ఎన్ని మందులు ఎంతమంది కలపాలి, కంప్యూటర్ ఆగితే ఏం చెయ్యాలి, వార్డు వాళ్ళు తొందరపెడితే అడ్డం ఎవరు నిలబడాలి అన్నవి ఎవరో నిర్ణయించారు, లేదా నిర్ణయించకుండా వదిలేశారు. హెడ్ అనే పదవి ఉన్నదే ఇందుకని నాకనిపిస్తుంది. విభాగంలో జరిగే ప్రతి తప్పుకీ హెడ్ దోషి అనలేం. తప్పు సులువయ్యే పరిస్థితి తెలిసీ దాన్ని అలాగే ఉంచితే మాత్రం హెడ్‌దే బాధ్యత. ఇక్కడ "తెలిసీ" అన్న మాట ముఖ్యం. ఆ జిల్లా ఆసుపత్రి రాత్రి సంగతి మా చెల్లికి చేరకముందే తెలిసిపోయింది. తెలిశాక ఆ సంతకం పొరపాటు కాదు, అబద్ధం.

*

"అయితే మానెయ్" అన్నాను. అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇంకేముంది?

"నేను మానేస్తే వేరేవాళ్ళు చేరతారు. వాళ్ళు ఈ ప్రశ్న కూడా అడగరు. రాత్రి కౌంటర్ అలాగే నడుస్తుంది. నా చేతులు మాత్రం శుభ్రంగా ఉంటాయి."

ఫిలాసఫీ పుస్తకాలు అప్పుడప్పుడూ తిరగేస్తాను కాబట్టి నాకు బెర్నార్డ్ విలియమ్స్ గుర్తొచ్చాడు. 1973లో ఆయన ఒక ఉదాహరణ చెప్పాడు. జార్జ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. ఉద్యోగం లేదు, ఆరోగ్యం బాలేదు, పిల్లలున్నారు. రసాయన ఆయుధాల ప్రయోగశాలలో పని దొరుకుతుంది. అది తన నమ్మకాలకి విరుద్ధం. కానీ తను చేరకపోతే ఇంకొకడు చేరి మరింత ఉత్సాహంగా ఆ పని చేస్తాడు. లెక్కలు చూసుకుంటే జార్జ్ చేరడమే మేలు. విలియమ్స్ అభ్యంతరం ఏంటంటే, ఆ లెక్క జార్జ్‌ని ఫలితాలు పారే ఒక గొట్టంగా చూస్తుంది. తను దేనికోసం బతుకుతున్నాడో దానికీ, తను చేసే పనికీ సంబంధం ఉండక్కర్లేదన్నట్టు చూస్తుంది.

ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. తను ఓపిగ్గా విని, "కానీ నాకొచ్చింది ఆయుధాల ఉద్యోగం కాదు కదా" అంది.

నిజమే. నేను గొప్పగా తెచ్చిన ఉదాహరణ ఇక్కడ సరిగ్గా సరిపోదు. జార్జ్ కథలో పనే చెడ్డది. ఇక్కడ పని మంచిది, అందులోకి ఒక అబద్ధం దూరింది. జార్జ్‌కి ఉన్నవి చేరడం, మానడం అనే రెండు దారులే. మా చెల్లికి మూడోది ఉంది. చేరడం, ఆ ఒక్క సంతకం పెట్టకపోవడం. "నేను కాకపోతే ఇంకొకరు" అన్న వాదన మనల్ని ఎప్పుడూ మొత్తం ఒప్పుకో లేదా మొత్తం వదిలెయ్ అన్న చోటికి తోస్తుంది. వృత్తిలో నిజాయితీ చాలావరకు ఈ రెండింటి మధ్యలో, చిన్న చిన్న నిరాకరణల్లో ఉంటుంది. అవి వీరగాథల్లోకి ఎక్కవు. "ఈ ఒక్కటి నేను చెయ్యను సార్, మిగతావన్నీ చేస్తాను" అన్నట్టుంటాయి.

దానికీ ఖర్చుంది. ఆ ఖర్చు ఎవరు కడతారన్నది కూడా నైతిక ప్రశ్నే. తను మెయిల్ రాసింది, ఇంగ్లీషు నేను దిద్దాను. మూడు విషయాలు అడిగింది. రాత్రికి రిజిస్టరైన ఫార్మసిస్ట్‌ని తీసుకోవాలి. తీసుకునేదాకా రాత్రి కౌంటర్ మూసి, అత్యవసర మందుల్ని లెక్కగట్టి వార్డుల్లో, క్యాజువాలిటీలో ఉంచాలి, డ్యూటీ డాక్టర్ ఆర్డరు మీద నర్సులు వాడాలి. మోతాదు విషయంలో ఫార్మసీ సందేహం అడిగితే డాక్టర్ జవాబిచ్చేదాకా మందు బయటికి వెళ్ళకూడదని ఆసుపత్రి తరఫున రాతపూర్వకంగా ఇవ్వాలి.

పది రోజులు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేశారు. మొదటి దానికి ఒప్పుకున్నారు, ఎప్పుడో చెప్పలేదు. రెండోదాని దగ్గర గొడవ. రాత్రి కౌంటర్ అమ్మకం పోతుంది. చివరికి మూడు నెలలకి ఒప్పుకున్నారు. మూడోది సర్క్యులర్‌గా ఇవ్వలేదు, "డాక్టర్లతో మాట్లాడతాంలెండి" అన్నారు. జీతం ముందు అనుకున్నదానికంటే కొంచెం తగ్గింది. తను చేరింది.

అన్నిటికంటే కష్టమైన మాట యాజమాన్యంతో కాదట, ఆ పన్నెండేళ్ళ మనిషితో. అతన్ని పగటిపూట స్టోర్స్‌కి మార్చింది. జీతం తగ్గించనివ్వలేదు. అయినా అతను తల దించుకుని, "పన్నెండేళ్ళు నా చేత్తో ఇచ్చాను మేడమ్, ఒక్కటి తప్పు పోలేదు" అన్నాడట.

"నువ్వేమన్నావ్?"

"ఏమీ అనలేదు. తప్పు పోలేదో, పోయినట్టు తెలియలేదో అతనికెలా తెలుస్తుంది? రాత్రి మందు తీసుకుని వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి చెప్పరు కదా. కానీ అది మొహాన అనలేను."

ఇది నాకు బాగా గుర్తుండిపోయింది. అర్హతకీ అనుభవానికీ మధ్య తేడా ఇందులో కొంత ఉంది. కోడు తప్పయితే స్క్రీన్ మీద ఎర్రగా అరుస్తుంది. వంతెన తప్పయితే కూలుతుంది. మందు తప్పయితే చాలాసార్లు రోగం ముదిరింది అంటారు. తప్పు తనంతట తాను తిరిగొచ్చి కనబడని పనుల్లో, ఎన్నేళ్ళ అనుభవమైనా మనల్ని సరిదిద్దకపోవచ్చు. ధీమాని మాత్రం పెంచుతుంది. అలాంటి చోట ఎక్కడ అనుమానించాలో చదువు నేర్పాలి. ఆ అనుమానాన్ని నోటితో అడగగల చోటుని హెడ్ తయారుచెయ్యాలి. ప్రకటనలో రాసిన అర్హతలు మొదటిదాని గురించే. రెండోదాన్ని ఏ సర్టిఫికెట్టూ చెప్పదు.

రెండున్నర నెలలకి రాత్రి ఫార్మసిస్ట్ వచ్చాడు. డి.ఫార్మ్ అయ్యి ఏడాదైన కుర్రాడు. మొన్న పండక్కి పిన్నివాళ్ళింట్లో కలిసినప్పుడు మా చెల్లి కళ్ళ కింద నల్లగా ఉంది. ఏమైందంటే, ఆ కుర్రాడు మొదటి వారంలో రాత్రిళ్ళు పదకొండుసార్లు ఫోన్ చేశాడని చెప్పింది. ప్రతిసారీ ఒకటే మాట: "మేడమ్, ఒక చిన్న డౌట్." పదకొండులో తొమ్మిది నిజంగా చిన్నవే, డబ్బా మీద చదివితే తెలిసేవి. ఒకటి కాస్త పెద్దది. ఒకటి మాత్రం తను లేచి కూర్చుని డాక్టర్‌కి తనే ఫోన్ చెయ్యాల్సినది.

"రాత్రి రెండింటికి, మూడింటికి లేపుతుంటే విసుగు రాలేదా?"

"ఎందుకు రాదు? బాగా వచ్చింది. కానీ అది వాడికి వినపడకూడదు. ఒక్కసారి వినపడిందనుకో, పన్నెండోసారి చెయ్యడు."